మనోవ్యాధికి మందు: ‘దేవదాసు’ నవలలో అస్వస్థత, దాని తెలుగు పఠనం

తెలుగునాట ‘దేవదాసు’ అనే మాట సంజ్ఞావాచకంగా మొదలై జాతివాచకంగా స్థిరపడింది. గడ్డం పెంచి, ఎవరితోనూ మాట్లాడక, తాగుతూ తిరిగే యువకుణ్ణి చూసి ‘దేవదాసయ్యాడు’ అనడానికి శరత్‌ నవల చదివి ఉండనవసరం లేదు. ఆ మాటలో కొంత జాలి, కొంత పరిహాసం, చెప్పుకోదగినంత మెప్పు కలిసి ఉన్నాయి. లేనిదల్లా ఆందోళన. తాగుడుకు కారణం ప్రేమ అని తేలగానే చుట్టూ ఉన్నవారికి విషయం అర్థమైపోతుంది, అర్థమైన దానికి చికిత్స అవసరమని ఎవరికీ తోచదు. ఒక నవలానాయకుడి పేరు ఒక అస్వస్థతకు మారుపేరై, ఆ అస్వస్థతనే కనపడకుండా చేసిన వైనం పరిశీలించదగినది. శరత్‌చంద్ర చటోపాధ్యాయ కథనం ఈ వాడుకను ఎంతవరకు సమర్థిస్తుంది, ఎక్కడ దానికి ఎదురు నిలుస్తుంది అన్నది ఇక్కడి విచారణ.

‘దేవదాస్’ 1917లో పుస్తకంగా వెలువడింది. రచన అంతకు చాలా ముందే, శరత్‌ (1876–1938) తొలి యౌవనంలోనే పూర్తయింది. దానిని ప్రచురించడానికి ఆయన చాలాకాలం సంకోచించాడు. ఆ సంకోచానికి కారణం ఏదైనా, నవలలోని రెండు స్వభావాలు దాన్ని కొంత వివరిస్తాయి. కథ జరిగిన తీరును నమోదు చేసే చూపు ఒకటి, చదువరి కన్నీటిని అర్థించే గొంతు మరొకటి. ఈ రెండూ అన్నివేళలా ఒకే మాట చెప్పవు. తెలుగు పఠనం రెండవదాన్ని వింది.

విరహ పరంపర

అలా వినడానికి సాహిత్య కారణం ఉంది. భరతుడు కామదశలను పదిగా లెక్కించాడు. అభిలాషతో మొదలైన ఆ వరుసలో ఉద్వేగం, విలాపం దాటిన తరువాత ఉన్మాదం, వ్యాధి, జడత, మరణం వస్తాయి. ఓరుగల్లు ఆస్థానానికి చెందిన విద్యానాథుని ‘ప్రతాపరుద్రీయం’ ఈ అవస్థల సంఖ్యను పన్నెండుకు పెంచింది. ఉన్మాదమూ వ్యాధీ శృంగారానికి అంగాలై, అలంకారశాస్త్రంలో చోటు సంపాదించుకున్నాయి. ప్రబంధకవులు వీటిని వర్ణనాంశాలుగా స్వీకరించారు. ‘వసుచరిత్ర’లో గిరిక విరహమూ, చెలికత్తెల శిశిరోపచారాలూ తెలిసినవే. గంధం పూత, తామరాకు పడక, చంద్రదూషణ, మన్మథదూషణ, ఇవన్నీ ఒక క్రమం ప్రకారం నడుస్తాయి.

ఈ సంప్రదాయంలో గమనించవలసినవి రెండు. మొదటిది, విరహజ్వరానికి మందు ఒకటే, అది ప్రియసంగమం. ‘మనుచరిత్ర’లో వరూధినికి అసలు ప్రవరుడు దక్కకపోయినా ఆ రూపంలో వచ్చిన గంధర్వునితో తాపం ఉపశమించింది. వ్యాధి ఎంత తీవ్రమైనా దాని కారణం బయట ఉంది, నివారణ కూడా బయటే ఉంది. రెండవది, ఆ జ్వరం విశేషించి నాయికది. ఆమె శరీరమే వర్ణనకు క్షేత్రం. ‘దేవదాసు’ తెలుగులోకి వచ్చినప్పుడు ఈ రెండవ అంశం తారుమారైంది, మొదటిది మాత్రం చెక్కుచెదరలేదు. రోగి పురుషుడయ్యాడు గాని, పార్వతి దక్కి ఉంటే అతడు బాగుపడేవాడన్న నమ్మకం అలాగే నిలిచింది.

శరత్‌ను తెలుగువారు పొరుగు భాష రచయితగా చదవలేదు. చక్రపాణి అనువాదాల ద్వారా ఆయన ఇంటి రచయిత అయ్యాడు. 1935లో ప్రమథేశ్ బారువా తీసిన బెంగాలీ చిత్రం తరువాత, 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన తెలుగు ‘దేవదాసు’ వచ్చింది. ఘంటసాల పాడిన పాటల్లో తాగిన మనిషి వేదాంతిగా వినిపించాడు. ఆ పాటల గొప్పతనాన్ని తక్కువ చేయవలసిన పని లేదు. కాని నవలలోని దేవదాసుకు వేదాంతం లేదు. అతడు తన స్థితిని గురించి తత్త్వం చెప్పేంత దూరంలో నిలబడలేని మనిషి.

చేత ముందు, తలపు వెనుక

నవల తాల్‌సోనాపూర్ గ్రామంలోని పాఠశాలలో, ఒక వేసవి మధ్యాహ్నం మొదలవుతుంది. పెద్ద విద్యార్థి భోలాను సున్నపు కుప్పలోకి నెట్టి దేవదాసు పారిపోతాడు. తోటలో దాక్కుని హుక్కా తాగుతున్న అతనికి పార్వతి మరమరాలు తీసుకువెళ్ళి ఇస్తుంది. మరొకప్పుడు అతడే ఆమెను కొడతాడు, ఆ దెబ్బలకు కారణం పంతులుగారని ఆమె ఇంట్లో అబద్ధం చెబుతుంది. బాల్యచేష్టలుగా దాటిపోయే ఈ ఘట్టాలను నవల ముందుభాగంలో ఉంచడం యాదృచ్ఛికం కాదు. పార్వతి ఇంకా అందుబాటులో ఉన్నప్పుడే, ఎడబాటు మాటే లేనప్పుడే, తరువాతి కథకంతటికీ అచ్చుగా ఒక నడత సిద్ధమైంది. చేయి ముందు కదులుతుంది, ఆలోచన తరువాత వస్తుంది, దాని వెంట పశ్చాత్తాపం వస్తుంది. ఫలితాన్ని మరొకరు దాచిపెడతారు.

ఈ అచ్చు ప్రధాన సంఘటనలన్నిటిలో పునరావృతమవుతుంది. పార్వతి కుటుంబం ఇరుగింటిది, ఆ వంశంలో ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే ఆచారం ఉంది, అందువల్ల జమీందారైన నారాయణ ముఖర్జీ ఇంటికి ఆ సంబంధం తగదని తేలింది. అప్పుడు పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వచ్చింది. నవలలో అత్యంత సాహసికమైన చర్య ఆమెది. అతని తొలి ప్రతిస్పందన భయం, ఆమెను ఎవరైనా చూశారా అన్న విచారం. తల్లిదండ్రుల అనుమతి అడిగి చూశాడు, తండ్రి ఆగ్రహించాడు, దేవదాసు కలకత్తాకు వెళ్ళిపోయాడు. అక్కడినుంచి రాసిన ఉత్తరంలో తాను ఆమెను అంతగా ప్రేమించానని ఎన్నడూ అనుకోలేదన్న ధోరణి కనిపిస్తుంది.

ఆ ఉత్తరాన్ని తపాలాలో వేసిన తరువాతనే దేవదాసుకు ఆలోచన మొదలవుతుంది. అది చేరినప్పుడు ఆమె ఏమనుకుంటుంది, తాను చేసింది ఏమిటి అన్న ప్రశ్నలు అప్పుడు పుడతాయి. ఈ చిన్న వ్యవధి, ఉత్తరం చేయి జారడానికీ మనసు కదలడానికీ నడుమ ఉన్న ఎడం, శరత్‌ చేసిన అతి సూక్ష్మమైన పరిశీలనల్లో ఒకటి. విరహం ఇక్కడింకా ప్రారంభం కాలేదు. పార్వతి పెళ్ళి కాలేదు, దారి మూసుకుపోలేదు. అయినా ఆ తరువాత కనిపించే దుస్థితికి కావలసిన మానసిక స్థితి అప్పటికే పూర్తిగా ఉంది. ప్రేమను పోగొట్టుకోవడం వల్ల అతనికి జబ్బు చేసిందనే వాడుక, నవల పాటించిన ఈ కాలక్రమాన్ని తలకిందులు చేస్తుంది. ఇష్టాన్ని వేళకు గుర్తించలేకపోవడం, గుర్తించినా దానికి తగిన పని చేయలేకపోవడం అతనిలో ముందే ఉన్నాయి. ప్రేమ చేజారడం వాటి పర్యవసానాల్లో ఒకటి.

పరుగున ఊరికి వచ్చిన దేవదాసుకు చెరువు గట్టున పార్వతి ఎదురైంది. ఈసారి తిరస్కారం ఆమెది. ఆమె అభిమానాన్ని సహించలేక అతడు చేతిలోని గాలపు కర్రతో నుదుటిమీద కొట్టాడు, రక్తం వచ్చింది, తానే కట్టు కట్టాడు. చంద్రునికి మచ్చ ఉన్నట్లు అందానికి ఒక గుర్తు ఉండాలన్న భావం ఆ ఘట్టంలో పలుకుతుంది. దీన్ని ప్రణయచిహ్నంగా చదివిన విమర్శ తక్కువేమీ కాదు. కాని పాఠశాల రోజుల దెబ్బలను మరచిపోని చదువరికి ఇక్కడ కనిపించేది వేరు. ఉపమానం దెబ్బ తరువాత వచ్చింది, ఉత్తరం తరువాత ఆలోచన వచ్చినట్లే. బాధపెట్టిన చేతికి అందమైన వ్యాఖ్యానం అమర్చే పని ఈ నవలలో పాత్రలు కూడా చేస్తాయి, తెలుగు పాఠకులు దాన్ని కొనసాగించారు.

కల్పిత పాత్రకు వైద్యపు చీటీ రాయడం విమర్శ పని కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. దేవదాసుకు కుంగుబాటు ఉందా, మద్యవ్యసనమే మూలమా అని తేల్చడం వల్ల నవల గురించి కొత్తగా తెలిసేది స్వల్పం. అయితే రచయిత ఏ లక్షణాలను ఎంచి, ఏ వరుసలో పేర్చాడన్నది పాఠ్యంలోని విషయం. ఇక్కడ ఒక కాలసామ్యం ఉపకరిస్తుంది. ‘దేవదాస్’ వెలువడిన 1917లోనే ఫ్రాయిడ్ శోకానికీ విషాదగ్రస్తతకూ భేదం చెప్పే వ్యాసాన్ని ప్రచురించాడు. శోకించేవాడికి లోకం వెలితిగా తోస్తుంది. విషాదగ్రస్తుడికి తానే వెలితిగా తోస్తాడు, తనను తాను నిందించుకుంటాడు, శిక్షకు అర్హుడననుకుంటాడు. ప్రభావం అన్న మాటకు ఇక్కడ తావులేదు, నవల రచన అప్పటికే పాతది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించింది 1922లో. ఒకే స్థితిని ఇద్దరు వేరువేరు దారుల్లో గమనించారు, అంతే. దేవదాసు తాగుడు పార్వతిని మరచిపోయే ప్రయత్నం కంటె తనను శిక్షించుకునే ప్రయత్నంగానే ఎక్కువ సంగతంగా కనిపిస్తుంది. మరపే లక్ష్యమైతే అతనికి మరిపించే అవకాశాలు దొరికాయి. వాటిని అతడు నిలుపుకోలేదు.

ఈ సందర్భంలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ తలపుకు రాక మానదు. సీతారామారావు పతనంలోనూ చేతకూ తలపుకూ పొత్తు కుదరకపోవడమే మూలం. అయితే గోపీచంద్ ఆ స్థితికి శీర్షికలోనే పేరు పెట్టాడు. సీతారామారావును చూసి గడ్డం పెంచిన యువకుడు తెలుగుదేశంలో ఉన్నట్లు వినరాదు.

చంద్రముఖి ఇల్లు

నవలలో దేవదాసు పట్ల సానుభూతి లేనివారు అరుదు. మిత్రుడు చున్నీలాల్‌కు ఉంది, అతడు చూపిన ఉపశమనం చంద్రముఖి ఇంటికి దారి తీసింది. ముసలి సేవకుడు ధర్మదాసుకు ఉంది, అతడు వెన్నంటి తిరుగుతాడు, కంటతడి పెడతాడు. అన్న ద్విజదాసుకు ఆస్తి పంపకం మీద ఉన్న శ్రద్ధ తమ్ముడి మీద లేదు. ఊరికి దేవదాసు చెడిపోయిన జమీందారు కొడుకు. ఈ అందరిలో అతని స్థితిని చక్కదిద్దవలసిన జబ్బుగా చూసినది చంద్రముఖి ఒక్కతే.

ఆమెను నవలాకారుడు పతిత హృదయ పరివర్తన అన్న చట్రంలో ప్రవేశపెట్టిన మాట నిజం. తనను అసహ్యించుకున్న పురుషుని మీద అనురాగం పుట్టి వృత్తి విడిచిన వేశ్య అప్పటికి నవలల్లో కొత్త కాదు. కాని తరువాతి భాగంలో ఆ చట్రం వెనక్కు పోయి పని ముందుకు వస్తుంది. పల్లెలో సాదాగా బతుకుతున్న చంద్రముఖి దేవదాసు జాడ తెలియక కలకత్తాకు తిరిగివచ్చింది. అతణ్ణి వెతకడానికి వీలుంటుందని వదిలిన వేషాన్నే మళ్ళీ వేసుకుంది. చివరకు తప్పతాగి వీధిలో పడి ఉన్నవాణ్ణి ఇంటికి తెచ్చింది. వైద్యుణ్ణి పిలిపించింది, కాలేయం దెబ్బతిన్నదని తెలుసుకుంది, సమయానికి మందు, పథ్యం, నిద్ర చూసింది. ఈ పుటల్లో విరహవర్ణన లేదు. శిశిరోపచారాల స్థానంలో వైద్యుడు వచ్చాడు. దేవదాసు ఆరోగ్యం కొంత కుదుటపడింది కూడా. ‘మనోవ్యాధికి మందు లేదు’ అన్న సామెతకు నవల ఇక్కడ సమాధానం ఇస్తున్నది. మందు ఉంది, దానికి ఒక మనిషి తన రోజులను వెచ్చించాలి.

ఈ ఘట్టం తెలుగు ప్రజాస్మృతిలో నిలవలేదు. గడ్డం, శాలువ, సీసా నిలిచాయి. ప్రియురాలే మందు అన్న ప్రబంధ న్యాయం ప్రకారం, ప్రియురాలు కాని స్త్రీ చేసిన చికిత్సకు లెక్కలో చోటు లేకపోయింది. చంద్రముఖి చేసిన పని ప్రేమకథలో ఉపకథగా, త్యాగంగా మిగిలింది. నిజానికి అది త్యాగం కంటె ఎక్కువ నైపుణ్యం గల పని. దేవదాసు ఎప్పుడు మాట్లాడగలడో, ఎప్పుడు ఊరుకోవాలో ఆమెకు తెలుసు. అతడు ఆమెను వదిలి ధర్మదాసుతో పశ్చిమ దేశాలకు బయలుదేరాడు. ఆ ప్రయాణాల్లో మళ్ళీ తాగుడు మొదలైంది. బాగుపడుతున్న దశలోనే తోడును విడిచిపోవడం మద్యవ్యసనాన్ని దగ్గరగా చూసినవారికి తెలిసిన క్రమమే. శరత్‌ దానికి విధి అని పేరు పెట్టకపోవడం ఈ భాగానికి బలం.

నవల వెలువడిన నూరేళ్ళకు, 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన స్థితులను మానసిక అనారోగ్య నిర్వచనంలో చేర్చింది. చట్టం చెప్పినదాన్ని చంద్రముఖి ఇల్లు ఎప్పుడో ఆచరించింది. అయినా ‘దేవదాసయ్యాడు’ అన్న వాడుక మాత్రం ఆ స్థితిని ఇప్పటికీ రోగాల జాబితానుంచి తప్పించి కావ్యాల జాబితాలో ఉంచుతుంది.

పార్వతి సంగతి

హాతీపోత జమీందారు భువన్ చౌదరి ఇంటికి పార్వతి రెండవ భార్యగా వెళ్ళింది. భర్తకు నలభై ఏళ్ళు, తన ఈడును మించిన సవతి సంతానం. ఆమె ఆ ఇంటిని చక్కదిద్దింది, అలిగిన కూతురిని రప్పించుకుంది, నగలు ఇచ్చేసింది, అతిథులకు, పేదలకు అన్నదానం చేసింది. చదువరి ఆమెను గురించి నిశ్చింతపడతాడు. కాని రోజంతా పనిలో మునగడం, తనదంటూ ఏదీ ఉంచుకోకపోవడం, ఎవరిముందూ దుఃఖించకపోవడం కూడా లక్షణాలే. పురుషుడు పనిచేయకపోతే వ్యాధి అయింది. స్త్రీ విశ్రాంతి లేకుండా పనిచేస్తే గృహిణీధర్మం అయింది. నవలలో రోగులు ఇద్దరున్నారన్న ఎరుకకు తెలుగు విమర్శ తగినంత చోటివ్వలేదు.

దేవదాసు తండ్రి మరణించినప్పుడు ఇద్దరూ కలిశారు. తాగుడు మానమని పార్వతి అడిగింది. ఆ రాత్రే తనతో లేచిరాగలవా అని అతడు ఎదురు ప్రశ్న వేశాడు. అందరూ అన్నీ చేయలేరని ఒప్పించడానికి వేసిన ప్రశ్న అది. వ్యసనపరుడి తర్కం ఇంతకంటె కచ్చితంగా పట్టుబడటం అరుదు. తన అశక్తతను ఎదుటివారి అశక్తతతో తూచి లెక్క సరిచేసుకోవడం అందులోని కిటుకు. సేవ చేసే అవకాశమైనా ఇమ్మన్న ఆమె వేడుకోలుకు అతడు ఇచ్చినది, చనిపోయే ముందు ఒకసారి ఆమె గుమ్మానికి వస్తానన్న మాట. బతికుండగా చేయగల పనిని మరణానికి వాయిదా వేసిన వాగ్దానం ఇది. తరువాత మనోరమ ఉత్తరం ద్వారా అతని దురవస్థ తెలిసి, పార్వతి తానే పల్లకీలతో తాల్‌సోనాపూర్ వెళ్ళింది. అప్పటికే అతడు వెళ్ళిపోయాడు. రాత్రివేళ గదికి వచ్చినది ఆమె, ఇంటికి తీసుకుపోవడానికి వచ్చినదీ ఆమె. వేళ మించాక బయలుదేరినది అతడు.

ధర్మదాసు రైలులో నిద్రిస్తుండగా దేవదాసు పాండువా స్టేషనులో దిగి, ఎడ్లబండి మీద హాతీపోత చేరి, జమీందారు ఇంటి ముందరి రావిచెట్టు కింద పడిపోయాడు. లోపల ఉన్న పార్వతికి సంగతి తెలియలేదు. ఊరు, వైద్యుడు, పోలీసులు గుమిగూడారు. దొరికిన ఉత్తరాలవల్ల ఎవరో తెలిసింది. ఎవరూ ముట్టుకోని ఆ దేహాన్ని చండాలురు తీసుకుపోయి సగం కాల్చి వదిలారు. ఈ ముగింపులో కథనం ఎంత నిర్దయగా ఉందో, దాని వెంట వచ్చే రచయిత గొంతు అంత ఆర్ద్రంగా ఉంది. ఇలాంటి దురదృష్టవంతుడు కనిపిస్తే అతనికోసం ప్రార్థించమని, మరణవేళ ఒక్క చేతి స్పర్శ అయినా దొరకాలని ఆ గొంతు అడుగుతుంది. తెలుగు పాఠకులు ఆ మనవిని మనసారా మన్నించారు. ఆ స్పర్శ కలకత్తాలో కొన్నాళ్ళపాటు దొరికిందనీ, దానిని అతడే వదిలివచ్చాడనీ కథనం అంతకుముందే చెప్పి ఉన్న సంగతి ఆ కన్నీటిలో మరుగుపడింది.

ఆ గొంతు మరొక మాట కూడా అన్నది. విషయం తెలిసి పార్వతి పరుగెత్తింది, ఆమెను పట్టి ఆపారు, మూర్ఛపోయిన మనిషిని లోపలికి మోసుకొచ్చారు. తెలివి వచ్చాక ఆమె అడిగినది అతడు ఎప్పుడు వచ్చాడన్నది మాత్రమే. కామదశల పట్టికలో మూర్ఛ తరువాత రావలసినదేమిటో ప్రబంధ పాఠకులకు తెలుసు. నవలాకారుడు మాత్రం ఇన్నాళ్ళకు పార్వతి ఏమైందో, ఎలా ఉన్నదో తనకు తెలియదంటాడు. కనుక్కోవాలని కూడా అనిపించదంటాడు. దేవదాసు కోసం మాత్రమే దుఃఖం కలుగుతుందంటాడు. హాతీపోతలో, తలుపులు వేసిన ఆ ఇంట్లో, రెండవ రోగి ఇంకా బతికే ఉన్నది.